డ్రైవరు సీట్లో ఇసుక మూట

కింద నుంచి రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయి. టక్, టక్. మొదలుపెడుతున్నాను, చూసుకో అని అర్థం. ఆమె ఒళ్ళోని తడిగుడ్డ చేతిలోకి తీసుకుని, పాదాలు దగ్గరికి లాక్కుని, కారు నేల వంక చూస్తూ కూర్చుంది. తివాచీ తీసేసిన కారు లోపల ఇంత బోసిగా ఉంటుందని ఆమెకి ఇవాళే తెలిసింది. ఇన్నేళ్ళూ నిశ్చింతగా కాళ్ళు పెట్టుకున్న చోట ఉన్నది ఒట్టి రేకు, అదీ అట్టముక్క మందాన. ఆ రేకు కింద, షెడ్డు నేలలో తవ్విన గోతిలో నిలబడి, ముఖానికి మాస్కు తగిలించుకుని వెల్డింగ్ చేస్తున్నది ఆమె వదిన, భర్తకి స్వయానా అక్క. పైన కూర్చున్న మనిషికి ఒకటే పని. రేకు ఎక్కడైనా ఎర్రబడినా, పొగ లేచినా తడిగుడ్డ వేసి నేల మీద ఒక్క దెబ్బ కొట్టాలి. ఒక్క దెబ్బంటే ఆపమని. మాస్కులో, ఆ చిటపటల్లో, మాట వినపడదు కాబట్టి ఇద్దరి మధ్యా దెబ్బల భాషే. ముందు సీట్లో ఎడంపక్క ఆమె కూర్చుంది. కుడిపక్క డ్రైవరు సీట్లో ఇసుక మూట కూర్చుంది, బెల్టు కూడా పెట్టుకుని.

బెల్టు పెట్టింది వదినే. "మావాడు జన్మలో పెట్టుకున్న పాపాన పోలేదు, ఇవాళైనా పెట్టుకోనీ" అంటూ మూట నడుం మీదుగా పట్టీ లాగి క్లిప్పు నొక్కింది. ఇద్దరూ నవ్వారు. ఆమె కొంచెం ఎక్కువే నవ్వింది. అంతకుముందు బ్యాటరీ తీగ ఊడదీశారు, నాలుగు చక్రాల కిందా పల్చటి ఇనప ముక్కలు దూర్చి నీళ్ళ గొట్టంతో మట్టం చూశారు, తలుపుల సందుల్లో అట్టముక్క పెట్టి పైనా కిందా ఒకేలా దూరుతోందో లేదో చూశారు. అన్నీ అయ్యాక వదిన చేతులు తుడుచుకుంటూ, "మా తమ్ముడు ఎంత బరువుంటాడే ఇప్పుడు?" అంది. ఇప్పుడు అన్న మాట ఊరికే అన్నదే, అందులో ఏమీ లేదు. "డెబ్భై ఎనిమిది" అంది ఆమె, పేరడిగితే పేరు చెప్పినంత తేలిగ్గా. ఎన్నో ఏళ్ళ నుంచీ ఆయన బరువు అదే, నాలిక మీద అదే ఉంది. "అబ్బో! పెళ్ళికి ముందు గట్టిగా గాలొస్తే పట్టుకోవాల్సి వచ్చేది వాణ్ణి. బాగానే మేపావు" అని వదిన మెచ్చుకుని పాత ఇనుము తూచే కాటా మీద గోనెసంచి పెట్టి ఇసుక పొయ్యడం మొదలుపెట్టింది. ఒకసారి నోట్లోంచి పడ్డాక ఆ అంకెని వెనక్కి తీసుకోవడం ఆమె వల్ల కాలేదు. తీసుకుంటే ఎందుకని అడుగుతుంది. అడిగితే చెప్పాలి. చెప్పనని ఆయనకి మాటిచ్చింది.

నేలలో రబ్బరు బిళ్ళలు తీసేసిన చిన్న చిన్న చిల్లులున్నాయి, వాటిలోంచి నీలి వెలుతురు లేచి కారు పైకప్పు మీద పడి వణుకుతోంది. వెలుగు వంక చూడకు, రేకు వంక చూడు అని చెప్పింది వదిన. ఆమె రేకు వంకే చూస్తోంది. పాత రంగు మీద ముందు ఒక చోట చెమట పట్టినట్టయింది, తర్వాత పొంగింది, పొక్కయింది, పొక్కు మధ్యలో గోధుమరంగు చుక్క పుట్టి మెల్లగా పెద్దదవుతోంది. ఎక్కడో చూసింది ఇలాంటిది. ఆయన చేతి మీద, సూది గుచ్చిన చోట, తెల్లటి పట్టీ తీసిన తర్వాత. మొదట ఎర్రగా, మర్నాటికి ఊదాగా, తర్వాత గోధుమరంగుగా. ఈ మచ్చ చూడు, దేశపటంలా ఉంది, ఇక్కడ సముద్రం ఉండాలి అనేవాడు. ఆమెకి నవ్వు రాలేదని ఇంకో మచ్చ చూపించేవాడు. చుక్క పెద్దదవడం ఆగింది. కింద చిటపట కూడా ఆగింది. ఒక చోట కొంచెం వేసి, అది చల్లారేలోపు రెండోపక్క వెనక్కి వెళ్ళి అక్కడ కొంచెం వేస్తుంది వదిన. ఒకే చోట కాలిస్తే ఇనుము తనవైపు లాక్కుంటుందిట. ఇప్పుడు వేస్తున్నవి టాకాలు, బట్ట కుట్టేముందు దూరం దూరంగా వేసుకునే కుట్లలాంటివి. ఇవి కోసి విప్పుకోవచ్చు. ఇవి అయ్యాక అసలు కుట్టు వేస్తారు, అది విప్పడానికి ఉండదు.

ఈ రకం కార్లకి కింద పూర్తి చట్రం ఉండదని వదిన చెబితే ఆమెకి మొదట నమ్మకం కలగలేదు. ముందు ఇంజను మోసే చట్రం ఒకటి, వెనక ఇరుసు మోసే చట్రం ఒకటి, మధ్యలో ఈ రేకే. ముందూ వెనకా ఎంత గట్టివైనా మధ్యలో ఉన్నది రేకు కాబట్టి గోతుల్లో పడ్డ ప్రతిసారీ కారు నడుం దగ్గర మెలి తిరుగుతుంది. అందుకే ఒక చక్రం గట్టెక్కించి ఆపితే వెనక తలుపు తెరుచుకోదు, ముందద్దం పగులు మెల్లగా పాకుతుంది. ఇప్పుడు వదిన రెండు చదరపు గొట్టాలు, కుడికొకటీ ఎడమకొకటీ, ముందు చట్రం నుంచి వెనక చట్రం దాకా వేసి అతుకుతోంది. దుకాణంలో వాటికి సబ్‌ఫ్రేమ్ కనెక్టర్లని పెద్ద పేరుంది, వదిన మాత్రం దూలాలంటుంది. కారు మెలి తిరిగినప్పుడల్లా వచ్చే కిర్రుమనే చప్పుడు ఆమెకి నిద్రలో కూడా వినిపిస్తుంది. వారం వారం ఆ గోతుల రోడ్డు మీద పట్నం వెళ్ళాలి, మందు ఎక్కించుకుని మళ్ళీ అదే రోడ్డు మీద రావాలి. వెళ్ళేటప్పుడు ఆయన కబుర్లు చెబుతాడు. వచ్చేటప్పుడు వెనక సీట్లో దిండు మీద తల పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని పడుకుంటాడు. గొయ్యి వచ్చినప్పుడల్లా కారు కిర్రుమంటుంది, ఆమె స్టీరింగు గట్టిగా పట్టుకుని అద్దంలో చూస్తుంది. "నేను మూలగాల్సిందంతా ఇదే మూలిగేస్తోంది, నాకేం మిగల్చడం లేదు" అన్నాడు ఒకరోజు కళ్ళు మూసుకునే. ఇంకో వారం, ఆ దిండు మీద నుంచే, "దీన్ని అక్క దగ్గరికి తీసుకెళ్ళి దూలాలు వేయించు" అన్నాడు. ఇంకెవరైనా వేస్తారుగా అంది ఆమె. అక్క వేస్తేనే నాకు నిద్రపడుతుంది అన్నాడు. మరి అక్కకి ఏం చెప్పాలి? ఏమీ చెప్పకు అన్నాడు.

పొగ. సన్నగా, నిటారుగా, ఇసుక మూట కాళ్ళుండాల్సిన చోట నుంచి. ఆమె ఒక్క ఉదుటున వంగి తడిగుడ్డ వేసి నేల మీద ధన్‌మని కొట్టింది. కింద వెలుగు ఆరిపోయింది. మాస్కు ఎత్తిన చప్పుడు, ఆ వెంటనే వదిన గొంతు.

"ఏమైందే? తగలబడిందా?"

"పొగొచ్చింది వదినా. పాత జిగురనుకుంటా."

"అనుకోవడం కాదు, వేలు పెట్టి చూడు."

"వేలు కాలదూ?"

"కాలితే మంట, కాలకపోతే జిగురు."

"జిగురే."

"ఆ దెబ్బకి నా గుండె జారి ఈ గోతిలో పడింది. కొట్టమన్నాను గాని మరీ తలుపు బద్దలుకొట్టినట్టు కొట్టమనలేదు." తర్వాత కొంచెం ఆగి, "పక్కనున్నాయన బాగానే ఉన్నాడా?" అంది.

"ఉన్నాడు. మాట్లాడ్డంలేదు."

"అయితే మావాడు కాదులే అది."

నవ్వు గోతిలో తిరిగి తిరిగి ఇనప డబ్బాలో గులకరాళ్ళలా మోగింది. మళ్ళీ టక్, టక్. నీలి వెలుతురు. ఆమె గుడ్డ మీద మగ్గుతో ఇంకాస్త నీళ్ళు పోసి, చెయ్యి తుడుచుకోవడానికి ఏమీ దొరక్క ఇసుక మూటకి తుడిచింది. తుడిచాక గానీ తనేం చేసిందో తెలియలేదు. ఇంట్లో అంతే చేసేది, వంటింట్లోంచి తడిచేతులతో వచ్చి ఆయన చొక్కా వీపుకి తుడిచేది, ఆయన గోల పెట్టేవాడు. గోనెసంచి మీద తడి అయిదు వేళ్ళుగా అంటుకుని ఉంది. మూట మాత్రం భుజాలు లేని మనిషిలా సీట్లో దిగబడి, ఆయన కూర్చున్నట్టే కూర్చుంది, అంటే అప్పట్లో ఆయన కూర్చున్నట్టు, సీటంతా తనదేనన్నట్టు. డెబ్భై ఎనిమిది అంటే ఇంతన్నమాట. మూట పట్టి లేపడానికి ఇద్దరూ రెండు మూలలూ పట్టుకోవాల్సి వచ్చింది, సీటు దాకా తెచ్చేసరికి వదిన ఆయాసపడింది. అప్పుడే సీటు చూసి, "ఇదేంటే, సీటింత ముందుకి జరిపి ఉంది? మావాడు పొట్టివాడైపోయాడా?" అంది. కడిగేటప్పుడు నేనే జరిపాను అని ఆమె అబద్ధం చెప్పింది. ఒక అబద్ధానికి తోడుగా ఇంకొకటి కూర్చుంటే, మొదటిదానికి ధైర్యం వస్తుంది కాబోలు. వదిన సీటు వెనక్కి తోసి, మూటకి చాలినంత చోటు చేసింది.

ఇసుక సంగతి వదిన మొగుడు పెట్టిన పద్ధతి. ఆయన పోయి రెండేళ్ళు దాటింది, పద్ధతి మాత్రం షెడ్డులో ఉండిపోయింది. జాకీల మీద వేలాడదీసి అతికితే కారు వేలాడుతున్న ఆకారంలోనే బిగుసుకుపోతుంది, కిందికి దించాక తలుపులు పడవు; చక్రాల మీద నిలబెట్టి, రోజూ మోసే బరువు మోయిస్తూ అతకాలి అనేవాడాయన. అంతవరకూ ఈ పని తెలిసినవాళ్ళందరూ ఒప్పుకునేదే. కారు సొంతదారుణ్ణి కూడా సీట్లో కూర్చోబెట్టాలని, ఆయన రాకపోతే ఆయనంత ఇసుక కూర్చోబెట్టాలని మాత్రం ఒక్క ఈయనే అన్నాడు. మిగతా షెడ్లవాళ్ళు ఇసకాయన అని పేరు పెట్టారు. ఇసకాయనా, మా కారులో అత్తగారు కూడా ఎక్కుతుంది, ఎన్ని బస్తాలు తెమ్మంటావు అని ఏడిపించేవారు. ఇంత ఇనుములో మనిషి బరువెంత, ఆ తేడా కారుకి తెలుస్తుందా అని ఆమె భర్త కూడా బావగారితో వాదించేవాడు. కారుకి తెలియకపోవచ్చు బావా, నాకు తెలుస్తుందిగా అనేవాడాయన. ఆ మాట అప్పుడు ఆమెకి చాదస్తంగా తోచింది. ఆమెదీ అలాంటి చాదస్తమే మరి. దిండు గలీబు కుట్టు ఒక్క పోగు పక్కకి పోతే విప్పి మళ్ళీ కుడుతుంది, ఎవరూ చూడరని తెలిసినా.

భర్త ప్యాంట్లు కూడా అలాగే కుట్టింది, నడుం దగ్గర లోపలికి మడిచి. ఒకసారి కుట్టింది, కొన్నాళ్ళకి అదే కుట్టు విప్పి ఇంకా లోపలికి. రెండు వెనక జేబులూ దగ్గరికొచ్చి దాదాపు ఆనుకున్నాయి. ఇంకోసారి కుడితే రెండు జేబులకీ ఒకటే గుండీ సరిపోతుంది, డబ్బు ఆదా అన్నాడు. మంచం మీద ఆయనవైపు పరుపు ఇదివరకు పల్లంగా ఉండేది, నిద్రలో ఆమె ఆ పల్లంలోకి జారి తెల్లారేసరికి ఆయన వీపుకి ఆనుకుని ఉండేది. ఇప్పుడు పరుపు మట్టంగా ఉంది. నీళ్ళ గొట్టం పెట్టి చూసినా మట్టంగానే ఉంటుంది. ఆమె ఎక్కడికీ జారడం లేదు, ఎక్కడ పడుకుంటే అక్కడే తెల్లారుతోంది. ఆసుపత్రిలో మందు ఎక్కించే ముందు బరువు చూస్తారు, మరీ తగ్గితే ఆ వారం ఎక్కించరు, అందుకని ఆయన జేబుల్లో ఇంటి తాళాలు, కారు తాళాలు, చిల్లర, ఫోను వేసుకుని యంత్రం ఎక్కడం ఆమె కళ్ళారా చూసింది. నర్సు కూడా చూసింది. అన్నీ తీసి బల్ల మీద పెట్టండి అంది. ఆయన ఇంద్రజాలికుడిలా ఒక్కొక్కటే తీశాడు, తాళాలు, చిల్లర, ఫోను, ఇంకో జేబులోంచి ఇంకో తాళాల గుత్తి, చివరికి ఆమె రుబ్బురోలు తేలేదు గాని అది కూడా ఉండేదే అన్నట్టు ముఖం పెట్టాడు. నర్సు నవ్వింది. తర్వాత ముల్లు చూసి నవ్వాపింది. యాభై ఎనిమిది. కడుపులో గడ్డ తగ్గుతోందో లేదో ఇంకొన్నాళ్ళు గానీ తెలియదన్నాడు డాక్టరు. ఇద్దరూ బయటికొచ్చి కారు దగ్గరికి వెళ్ళారు. ఆయన డ్రైవరు సీటు తలుపు దాకా అలవాటుగా వెళ్ళి, ఆగి, చుట్టూ తిరిగి ఈవైపు వచ్చాడు. అప్పుడు తీసుకున్నాడు మాట. "అక్క ఇంకా బావ దగ్గర్నుంచే తేరుకోలేదు. దాని నెత్తిన నన్ను కూడా పెట్టకు" అన్నాడు. ఆమె సరేనంది. ఆ పూట ఆయన ఏమడిగినా సరేననేది.

మళ్ళీ రెండు దెబ్బలు, ఈసారి వెనకవైపు నుంచి. వెనక సీటు పరుపు తీసి బయట పెట్టారు, ఆ బోసి రేకు మీదకి తల తిప్పి చూస్తోంది ఆమె. మెడ నొప్పెడుతోంది. పొద్దుట్నుంచీ వదిన ఆయన్ని తిడుతూనే ఉంది. నాలుగు నెలలైంది ముఖం చూపించి, కారు పంపిస్తాడు, పెళ్ళాన్ని పంపిస్తాడు, తను మాత్రం రాడు, ఒంటికి బద్ధకం, నోటికి పొగరు, నేను పోయాక తీరిగ్గా వచ్చి చూడమను. తిట్లన్నీ నవ్వుతూనే తిట్టింది, చివరిది మాత్రం నవ్వకుండా. చెబుతావా వాడితో? చెబుతాను వదినా. తల్లి పోయినప్పుడు వాడికి నడక కూడా రాలేదు, చంకనేసుకునే ఇంటి పనంతా చేశాను, నా నడుం ఈ పక్కకి ఒరిగింది అందుకే, చూడు అని కొత్తగా కాపురానికొచ్చిన రోజుల్లో ఆమెకి నిలబడి చూపించింది. నిజంగానే కొంచెం ఒరిగి ఉండేది. ఇప్పుడు గోతిలో, మాస్కులో, చెయ్యెత్తి నెత్తి మీది ఇనుముకి నిప్పు అంటిస్తున్న మనిషి ఆ నడుంతోనే నిలబడి ఉంది. బావగారు పోయిన తర్వాత, చుట్టాలందరూ వెళ్ళిపోయిన సాయంత్రం, ఇద్దరూ గిన్నెలు కడుగుతుంటే వదిన చేతిలోని గిన్నె ఆపి అంది. ఆయన పోవడం ఒక బాధ, దానికి నేను చేసేదేం లేదు. గుండె బాగాలేదని ఈ వీధిలో అందరికీ తెలుసుట, వద్దన్నాడుట నాకు చెప్పొద్దని. గ్యాసు సిలిండరు మొయ్యలేదని నేను ఆయన్ని నలుగురిలో వెక్కిరించాను. ఆ నలుగురికీ తెలుసు. నవ్వారు గూడా నాతో పాటు. ఆమె అప్పుడు ఆ గిన్నె తీసుకుని తనే కడిగింది. ఆ నలుగురూ ఎలాంటి మనుషులో అనుకుంది మనసులో. ఇప్పుడు తెలుస్తోంది ఎలాంటివాళ్ళో. మాటిచ్చినవాళ్ళు.

వెలుగు ఆగిపోయింది. గోతి మెట్లెక్కి వదిన పైకొచ్చింది, ముఖం మీద మాస్కు అంచు ఎర్రగా అచ్చుపడింది. అట్టముక్క తీసుకుని నాలుగు తలుపుల చుట్టూ తిరిగింది, ఒక్కో తలుపు తెరిచి వేలితో తోసి వేసింది, తలుపులు మెత్తగా పడ్డాయి. "వింటున్నావా, ఎంత ముద్దుగా పడుతోందో" అని మురిసిపోయి, కూజాలోంచి నీళ్ళు తాగి, మిగిలినవి ముఖాన చల్లుకుంది. టాకాలు అయిపోయాయి, ఇక నింపేస్తా, ఇది అయ్యాక ఎవడు దిగొచ్చినా విడదియ్యలేడు అంది. వచ్చేవారం కారు నేనే నడుపుకుంటూ మీ ఇంటికి తీసుకొస్తా, వాణ్ణి పక్కన కూర్చోబెట్టి గోతులన్నీ తిప్పుతా, ఒక్క కిర్రు వినిపిస్తే డబ్బు తీసుకోను అని కూడా అంది. ఆమె తలూపింది. వదిన మాస్కు దించుకుని మెట్లు దిగింది. ఇప్పుడు చెప్పకపోతే ఇంక చెప్పడం ఉండదు, ఉన్నా అది వేరే చెప్పడం. ఇంత బతుకులో ఇరవై కిలోల ఇసుక ఏ మూలకి, ఇనుముకేం తెలుస్తుంది అని ఒక పక్క అనిపిస్తూనే ఉంది. దూలాలు ఎలాగూ అతుక్కుంటాయి, కిర్రు ఎలాగూ పోతుంది, ఆయనకి నిద్రపడుతుంది. పడుకున్న ఆయన కింద, ఎప్పటికీ, లేని మనిషిని మోస్తూ బిగుసుకున్న కారు. దాన్ని ప్రతివారం ఆమే నడపాలి. అక్క ఎలా ఉంది, తిట్టిందా అని ఆయన వెనక నుంచి అడుగుతాడు. తిట్టిందని చెప్పాలి. ఆ తిట్లకి ఆమె కూడా నవ్విందని చెప్పకూడదు. టక్, టక్ అని కింద రెండు దెబ్బలు పడ్డాయి. ఆమె గుడ్డ పక్కన పడేసి, పిడికిలి బిగించి, రేకు మీద ఒక్క దెబ్బ కొట్టింది.

"ఇంకా నేను అంటించనే లేదు కదే! అప్పుడే పొగేంటి?"

"పొగ కాదు వదినా."

"మరి?"

"ఇసుక ఎక్కువైంది."

ఆమె దిగి, చుట్టూ తిరిగి డ్రైవరు తలుపు తీసి, బెల్టు విప్పి, మూట మూతి ముడి విప్పింది. ముడి వదిన బిగించింది, గోళ్ళు నొప్పెట్టాయి. మగ్గుతో ముంచి పక్కనున్న బకెట్లో పోసింది. వదిన వచ్చి వెనక నిలబడిందని ఇనుము కాలిన వాసన బట్టి తెలిసింది.

"ఏమిటి, కడుపు మాడుస్తున్నావా మా తమ్ముణ్ణి?" అంది వదిన. ఆమె ఇంకో మగ్గు తీసింది.

"నా దగ్గర గొప్ప కోసం పెంచి చెప్పావా ఏం?"

ఇంకో మగ్గు. మూట మెడ వంగింది. ఇంకో మగ్గు.

"చాల్లేవే."

చాలలేదు. ఇసుక తియ్యగా తియ్యగా గోనెసంచి భుజాలు జారిపోతున్నాయి, మడతలు పడుతున్నాయి. బకెట్టు సగం దాటింది. వదిన తలుపు అంచు పట్టుకుంది. ఆ చెయ్యి తప్ప ఆమెకి ఇంకేమీ కనిపించడం లేదు, తలెత్తి చూసే ధైర్యం లేదు. ఇంకో మగ్గు తీసింది.

"ఇంకానా?" అంది వదిన. అది పొద్దుట్నుంచీ విన్న గొంతు కాదు.

"ఇంకా కొంచెం."

"ఎంతకొచ్చాడు?"

"యాభై ఎనిమిదికి. కడుపులో గడ్డ వదినా. వారం వారం మందు ఎక్కిస్తున్నారు. తగ్గొచ్చంటున్నారు, చెప్పలేమంటున్నారు."

తలుపు అంచు మీద వేళ్ళు ఒకసారి తెరుచుకుని మళ్ళీ పట్టుకున్నాయి. బయట రోడ్డు మీద ఎవరో ఎవరినో పిలుచుకుంటూ వెళ్ళారు. వదిన అడిగింది. "ఈ సీట్లో కూర్చోవడం లేదు కదూ?"

"నేనే నడుపుతున్నా. ఆయన వెనక పడుకుంటున్నారు. దిండు మీద."

వదిన చేతి తొడుగులు తీసి బానెట్టు మీద పడేసింది. వెనక రేకు మీద అడ్డంగా ఒక చెక్క పలక వేసింది. తర్వాత వచ్చి, మూట మూతి మళ్ళీ బిగించి, ఆమె ఒక మూల పట్టుకోబోతే మోచేత్తో పక్కకి నెట్టి, వంగి, మూటని రెండు చేతులూ చుట్టి తనొక్కతే ఎత్తుకుంది. ఎత్తగానే, ఇంత తేలిగ్గా వచ్చిందేమిటన్నట్టు ఒక్క క్షణం అలాగే నిలబడిపోయింది. నడుం ఒక పక్కకి ఒరిగింది. వెనక తలుపులోంచి పలక మీద పడుకోబెట్టి, జారకుండా సర్ది, గోనెసంచి ముడతలు అరిచేత్తో సాపు చేస్తూనే ఉంది, సాపు చెయ్యాల్సిన అవసరం లేకపోయినా.

"నాకు చెప్పొద్దన్నాడు కదూ."

"అన్నారు."

"అంటాడు. ఆ మగాళ్ళందరూ ఒక బళ్ళోనే చదివారు." ముక్కు ఎగబీల్చి, జబ్బతో ముఖం తుడుచుకుంది, మసి చెంప దాకా సాగింది. "నాకు తెలిసిందని వాడికి చెప్పకు. నేను ఊరికే వచ్చినట్టు వస్తా."

ఆమెకి సరేనన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. అలవాటుగా. "చెబుతాను వదినా" అంది. "ఇంక దాచలేను. ఇద్దరివీ నేను దాచలేను."

"తిడతాడే నిన్ను."

"తిట్టనివ్వండి. తిట్టే ఓపిక తెచ్చుకుంటే నాకంతకంటే ఏం కావాలి."

వదిన ఏడ్చినట్టూ నవ్వినట్టూ ఒక చప్పుడు చేసింది. "ఎక్కి కూర్చో, నీ సీట్లో. ఎంత జరుపుకుంటావో జరుపుకో. అద్దం కూడా చూసుకో. టాకాలన్నీ కోసేస్తా, మళ్ళీ మొదట్నుంచి" అంది. చీకటిపడిపోతుందేమో వదినా అంటే, పడితే దీపం లేదా అని కసిరి, ఇనుము కోసే గ్రైండరు తీసుకుని గోతిలోకి దిగింది. ఆమె సీటు ముందుకి జరుపుకుంది, కాలికి పెడలు అందింది. కింద గ్రైండరు గీపెట్టింది, నిప్పురవ్వలు చక్రం పక్కనుంచి నేల మీదకి చిమ్ముకొచ్చాయి. ఒక టాకా తెగింది. రెండోది. చివరిది తెగినప్పుడు చిన్న టిక్‌మన్న శబ్దం వచ్చింది, గ్రైండరు హోరులో కూడా అది వినబడింది, ఆ వెంటనే ఆమె కూర్చున్న సీటు కింద ఇనుము వెంట్రుకవాసి కదిలి, సర్దుకుంది.